చెరువు కింద పొలం అమ్మి, చెరువు కడుపులో ఇల్లు కొందామా?

పోయిన మార్చిలో సూర్యాపేట దిక్కు నుంచి మా బామ్మర్ది ఫోన్ చేశాడు. "బావా, పిల్లగానికి పట్నంల ఇల్లు చూసినం. చెరువు ముంగటనే. బయానా ఇచ్చే ముందు నువ్వొకసారి చూసి చెప్పాలె" అన్నాడు. డబ్బు ఎక్కడిదని అడిగితే, ఊరి చెరువు కింద ఉన్న ఎకరంన్నర తరి అమ్ముతున్నానన్నాడు. 60 లక్షలు వస్తాయట. మిగతాది కొడుకు పేర బ్యాంకు లోను.

ఇద్దరం కలిసి వెళ్లాం. హైదరాబాద్ శివారు, ఔటర్ రింగు రోడ్డుకు దగ్గర. పెద్ద కమాను, షామియానా, వచ్చినోళ్లకు చల్లటి మజ్జిగ. గోడ నిండా బొమ్మలు: నీలం రంగు నీళ్లు, కొంగలు, కట్ట మీద నడుస్తున్న కుటుంబం. బొమ్మ కింద 'లేక్ వ్యూ విల్లాలు' అని రాసి ఉంది. ఇన్‌షర్టు వేసుకున్న పిల్లవాడు మమ్మల్ని వెంట తిప్పాడు. "సార్, నీళ్లకు వంద గజాల దూరంలో మీ ఇల్లు. పొద్దున లేస్తే చెరువే కనబడుతుంది" అన్నాడు.

అబద్ధం కాదు. ఆ రోజు నీళ్లు వంద గజాల దూరంలోనే ఉన్నాయి. కానీ అది మార్చి నెల.

నేను బొమ్మలు చూడలేదు, కాళ్ల కింద చూశాను. నల్లటి ఒండ్రు, ఎండి పలకలు పలకలుగా పగిలింది. ప్రహరీ గోడ పక్కన తుంగ దుబ్బలు. ఇంకా కొట్టేయని ఒక తుమ్మచెట్టు మొదలుకు మోకాలి పైదాకా పాత నీటి చార. చెరువు ఎంతదాకా వస్తుందో ఆ చెట్టు మీద రాసి ఉంది. "బాబూ, ఈ చెరువుకు మత్తడి ఎక్కడ?" అని అడిగాను. "మత్తడి అంటే ఏంది సార్?" అన్నాడు.

తప్పు ఆ పిల్లవాడిది కాదు. అతనికి జీతమిచ్చేవాడు చెప్పలేదు. కానీ మా బామ్మర్దికి మత్తడి అంటే తెలుసు. చెరువు కింద నలభై ఏండ్లు వరి పండించినవాడు. ఊర్లో ఎవరైనా శిఖంలో గుడిసె వేస్తానంటే "పిచ్చోడా, వానకాలం వస్తే ఏం జేస్తవ్?" అని అడిగేవాడు. అలాంటి మనిషి పట్నం వచ్చి, కమాను దాటి లోపలికి వచ్చేసరికి తనకు తెలిసింది మర్చిపోయాడు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను. చెరువు కింద పొలం అమ్మి, ఇంకో చెరువు కడుపులో ఇల్లు కొనే పని ఇప్పుడు మన రైతు కుటుంబాలు చాలా చేస్తున్నాయి. రెండు దిక్కులా మునిగేది మనమే.

ఎఫ్‌టీఎల్ అంటే ఆఫీసు గీత కాదు

ఇప్పుడు అందరి నోటా ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ అనే మాటలే. అదేదో ఆఫీసులో కూర్చున్న ఇంజనీరు కాగితం మీద గీసిన గీత అని పట్నంవాళ్లు అనుకుంటారు. మనకు తెలుసు, అది కాదు. మత్తడి మీద నుంచి నీళ్లు దుంకే ముందు చెరువు ఎంతదాకా నిండి నిలబడుతుందో అదే ఎఫ్‌టీఎల్. దాన్ని నిర్ణయించింది మత్తడి కట్టిన ఒడ్డెర మేస్త్రీ, వందల ఏండ్ల కిందట. ఆ హద్దు లోపలి భూమి శిఖం. కట్ట కింద తూము నీళ్లు పారే భూమి ఆయకట్టు. ఒక చెరువు మత్తడి దుంకిన నీళ్లు కింది చెరువులోకి పోతాయి. అందుకే వీటిని గొలుసుకట్టు చెరువులంటారు.

చెరువు ఎప్పుడూ నిండుగా ఉండదు. అది చెరువు స్వభావమే. వానకాలంలో నిండుతుంది, యాసంగికి పారుతుంది, ఎండాకాలం నడిమి గుంతలో ఇన్ని నీళ్లు మిగులుతాయి. నీళ్లు వెనక్కి పోయిన శిఖంలో దోసకాయలో, పుచ్చకాయలో, జొన్నో వేసుకుంటారు. గొర్లు మేస్తాయి. నీళ్లు మళ్లీ వస్తే భూమిని మళ్లీ చెరువుకు అప్పజెప్తారు. ఏటా జరిగే ఈ ఇచ్చిపుచ్చుకోవడమే చెరువు వ్యవసాయం.

రియల్ ఎస్టేట్‌వాడు ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో చెరువు ఇచ్చిన సగాన్ని తీసుకుంటాడు. తిరిగి ఇవ్వడు. ఎండాకాలంలో హద్దు కొలిచి, రాత్రికి రాత్రి టిప్పర్లతో మట్టి పోసి, వానకాలం లోపల గోడ లేపుతాడు. ప్లాట్లు చూపించేది ఎప్పుడో గమనించండి. చెరువు పక్క వెంచర్ల అమ్మకాల జోరంతా సంక్రాంతి నుంచి మృగశిర దాకానే. భాద్రపదంలో మత్తడి దుంకుతుండగా షామియానా వేసి మజ్జిగ పోసిన వెంచర్ నేనైతే చూడలేదు.

ఇంకో సంగతి. మే నెలలో కూడా ఫుల్లుగా ఉన్న చెరువును చూసి పట్నంవాళ్లు "ఎంత నీళ్లో" అని మురుస్తారు. రైతు అయితే అనుమానపడాలి. ఆయకట్టుకు పారే చెరువు మే నెలలో ఎందుకు నిండుగా ఉంటుంది? తూము మూసేశారు, పై కాలనీల మురుగు లోపలికి వదిలారు, అందుకే ఉంది. గుర్రపుడెక్క అల్లుకున్న చెరువు, దోమలు లేచే చెరువు, వాసన కొట్టే చెరువు. ఆ కిటికీ ఆరు నెలలు తెరవలేరు. దాని పేరే లేక్ వ్యూ.

చెరువును 'లేక్'గా మార్చే పద్ధతి

చెరువు ఒక్క రోజులో చావదు. దానికి ఒక వరుస ఉంది. శివారు గ్రామాల్లో ఉన్న సంఘ సభ్యులంతా ఈ వరుసను కండ్లారా చూసినవాళ్లే.

మొదట పాటు కాలువ పోతుంది. గుట్టల మీది వాన నీళ్లను చెరువులోకి తెచ్చే కాలువ అది. దాని మీద ఒక రోడ్డు పడుతుంది, పైపు చిన్నది వేస్తారు. నీళ్లు తగ్గుతాయి. రెండోది ఆయకట్టు. నీళ్లు రాని పొలానికి బోరు వేసి, అది ఎండితే ఇంకోటి వేసి, అప్పులపాలైన రైతు దగ్గరికి మధ్యవర్తి వస్తాడు. అన్నదమ్ముల్లో ఒకరు అమ్మితే మిగతావాళ్ల దారి మూసుకుపోతుంది. వాళ్లూ అమ్ముతారు. మూడోది తూము. "కింద పొలాల్లేవు, తూము దేనికి?" అని సిమెంటుతో మూస్తారు. నాలుగోది మత్తడి. శిఖంలో పోసిన మట్టి మునగకుండా, ఒక రాత్రి మత్తడిని అడుగో రెండడుగులో తెగ్గొడతారు. చెరువు హద్దు దానంతట అదే వెనక్కి జరుగుతుంది. అయిదోది కాగితం. ఆయకట్టు లేదు కాబట్టి ఇది సాగునీటి చెరువు కాదన్న మాట ఫైలులోకి ఎక్కుతుంది. ఇక ఆ చెరువుకు దిక్కు లేదు. ఇరిగేషన్ వాళ్లు మాది కాదంటారు, మున్సిపాలిటీ వాళ్లు మాకు అప్పజెప్పలేదంటారు.

అప్పుడు దానికి కొత్త పేరు పెడతారు. కుంట, చెరువు, సముద్రం అనే పేర్లు పోయి 'లేక్' అవుతుంది. కట్ట మైసమ్మ గుడి చుట్టూ గేటు వస్తుంది. బతుకమ్మ ఆడుకున్న రేవుకు పోవాలంటే వాచ్‌మన్‌ను అడగాలి. చేపలు పట్టే ముదిరాజులు, గంగపుత్రులు వల తీసుకొని వస్తే కాలనీ సంఘం వాళ్లు "లోపలికి రావద్దు" అంటారు. మనం వెయ్యేండ్ల నుంచి కాపాడిన చెరువు వాళ్లకు బొమ్మ అయింది.

కాకతీయుల కాలం నుంచి ఈ నేలకు చెరువే ఆదెరువు. రామప్ప, లక్నవరం, పాకాల ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తున్నాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు, కుంటలు ఉన్నాయని లెక్క తేల్చి పూడిక తీత మొదలుపెట్టారు. జిల్లాల్లో ఒక చేత్తో పూడిక తీస్తుంటే, పట్నం చుట్టూ ఇంకో చేత్తో పూడ్చారు. ప్రభుత్వాలు మారాయి కానీ పూడ్చే చేతులు మారలేదు.

మన చెయ్యి లేదా?

ఇక్కడ మనల్ని మనం కూడా అడుక్కోవాలి. శిఖం భూమి అంతా సర్కారుది కాదు. తెలంగాణలో శిఖం పట్టాలు చాలా ఉన్నాయి. ఆ పట్టాదారుకు నీళ్లు లేనప్పుడు సాగు చేసుకునే హక్కు ఉంది. మట్టి పోసి పూడ్చే హక్కు, ఇల్లు కట్టే హక్కు లేదు. ఈ సంగతి అమ్మేవాడికి తెలుసు, కొనే వెంచర్‌వాడికి తెలుసు, రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తెలుసు. తెలియనిది చివర్లో ప్లాటు కొన్న మనిషికే.

శిఖం పట్టాదారును నేను దొంగ అనడం లేదు. ఆయన బాధ నాకు తెలుసు. పక్క గట్టు రైతు ఎకరం కోటికి అమ్మితే, ఈయన భూమికి ఎవరూ అప్పు కూడా ఇవ్వరు. చెరువును కాపాడే బరువంతా ఆయన నెత్తిన పెట్టి, సర్కారు ఆయనకు ఒక్క రూపాయి ఇవ్వలేదు. ఆ నిస్సహాయతనే మధ్యవర్తి కొంటాడు.

కానీ లెక్క చూడండి. ఎకరానికి 40 గుంటలు, అంటే 4,840 గజాలు. రోడ్లకు, ఖాళీ జాగాలకు పోను 2,600 గజాలు అమ్మారనుకుందాం. గజం 25 వేలు వేసుకున్నా ఆరున్నర కోట్లు. రైతుకు ముట్టింది కోటి అనుకున్నా, ఖర్చులు ఎంత తీసేసినా, మిగిలింది ఎవరికి పోయిందో చెప్పాలా? శిఖం అయితే రైతుకు కోటి కూడా రాదు. "ఎట్లాగూ పనికిరాని భూమి" అని పావు ధరకు రాయించుకుంటారు. కొనేటప్పుడు చెరువు, అమ్మేటప్పుడు చెరువు ముంగట విల్లా. ఒకటే భూమి.

గండిపేట, హిమాయత్‌సాగర్ చుట్టూ జరిగింది కూడా ఇదే. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచిన తర్వాత కట్టిన జలాశయాలు అవి. వాటిని కాపాడాలని 1996లో జీవో 111 తెచ్చారు. 84 గ్రామాల్లో, లక్షా 32 వేల ఎకరాల మీద ఆంక్షలు పెట్టారు. ఉద్దేశం మంచిదే. కానీ నీళ్లు తాగింది పట్నం, ఆంక్షలు మోసింది ఆ 84 ఊళ్ల రైతులు. వాళ్లకు నష్టపరిహారం అన్న మాటే లేదు. ధర రాక, చేతిలో డబ్బు లేక అగ్గువకు అమ్ముకున్నారు. కొన్నది పెద్దలు. ఫామ్‌హౌజులు లేచాయి. భూములు చేతులు మారిన తర్వాత, 2022లో జీవో 69తో ఆంక్షలు సడలించారు. రైతు దగ్గర ఉన్నన్నాళ్లు చెరువు పవిత్రం, పెద్దల చేతికి పోయాక అభివృద్ధి అడ్డం. ఈ న్యాయం ఏ పుస్తకంలో ఉందో పాలకులే చెప్పాలి.

కొన్నవాడి గతి

2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు, అంటే జీవో 168, స్పష్టంగానే ఉన్నాయి. ఎఫ్‌టీఎల్ లోపల ఇల్లు కట్టకూడదు. పది హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువు అయితే ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు ఖాళీగా వదలాలి. దాన్నే బఫర్ అంటున్నారు. అంతకు ముందు 2002లోనే వాల్టా చట్టం ఉంది. చెరువులు ఊరుమ్మడి ఆస్తి, వాటిని ఇళ్ల జాగాలకు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు 2001లో చెప్పింది. ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని 2011లో మళ్లీ చెప్పింది. చట్టానికి కొదవ లేదు.

మరి అనుమతులు ఎలా వచ్చాయి? పంచాయతీ ముద్ర ఉంది, రిజిస్ట్రేషన్ ఉంది, కరెంటు మీటరు ఉంది, బ్యాంకు లోను ఉంది, ఇంటి పన్ను రసీదు ఉంది. ఇన్ని ముద్రలు చూసి కొన్నవాడిని నువ్వెందుకు కొన్నావని అడగడం తేలిక. ముద్ర వేసినవాడిని అడిగిన సందర్భాలు ఎన్ని?

2024 జూలైలో హైడ్రా వచ్చింది. ఔటర్ రింగు రోడ్డు దాకా దాని పరిధి. ఆగస్టులో మాదాపూర్ తమ్మిడికుంటలో పేరున్న కన్వెన్షన్ హాలును కూలిస్తే జనం చప్పట్లు కొట్టారు. నేనూ సంతోషపడ్డాను. ఆ తర్వాత సామాన్యుల ఇండ్ల ముందుకు కూడా బుల్డోజర్లు వచ్చాయి. సామాన్లు తీసుకునే టైము కూడా ఇవ్వలేదని ఆడవాళ్లు ఏడ్చారు. సెలవు రోజు చూసి కూల్చడం ఏమిటని హైకోర్టు నిలదీసింది. తర్వాత, జనం కాపురం ఉంటున్న ఇండ్ల జోలికి పోమని అధికారులు ప్రకటించారు. మంచిదే. కానీ ఎఫ్‌టీఎల్‌లో ఉందని తేలిన ఇంటిని కొనేదెవరు? దాని మీద లోను ఇచ్చేదెవరు? ఇల్లు కూలకపోయినా దాని విలువ కూలింది. నెల నెలా కిస్తీ మాత్రం కూలలేదు.

అధికారులు ఊరుకున్నా వాన ఊరుకోదు. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాద్‌లో పడ్డ వాన మర్చిపోయామా? నాలుగు రోజులకు బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు కట్ట తెగి పాతబస్తీ కాలనీలు మునిగాయి. జల్‌పల్లి దగ్గర ఉస్మాన్ నగర్‌లో ఇండ్లు నెలల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. అక్కడ ఉన్నది రెక్కాడితే గాని డొక్కాడని జనం. డబ్బున్న చోట జరగదనుకోవద్దు. 2022 సెప్టెంబరులో బెంగళూరు యమలూరులో కోట్ల రూపాయల విల్లాల్లోకి నీళ్లొస్తే, కార్లు మునిగి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ట్రాక్టర్ల మీద బయటికి వచ్చారు. టీవీలో చూసే ఉంటారు. చెరువు లోపల కట్టిన ఊరికి చివరికి దిక్కయింది రైతు బండే.

"పట్నం పెరగొద్దా? పిల్లలకు ఇల్లొద్దా?"

ఈ మాట మీటింగుల్లో మనవాళ్లే అడుగుతారు. పెరగాలి. పిల్లలకు ఇల్లు కావాలి. ఊరు వదిలి పట్నం పోయిన పిల్లలు కిరాయి ఇండ్లల్ల జీవితమంతా గడపాలని ఎవరూ కోరరు. కానీ ఇల్లు మెట్ట మీద కట్టుకుంటే చెరువుకు అభ్యంతరం లేదు. హైదరాబాద్ చుట్టూ రాళ్ల గుట్టలు, పారకం లేని నేలలు లేవా? చెరువులో కట్టేది జాగా లేక కాదు. శిఖం అగ్గువకు దొరుకుతుంది, చెరువు పేరు చెప్పి ప్రియంగా అమ్మవచ్చు. అందుకు కడతారు.

కొనాలనుకునే కుటుంబం ఏం చూడాలో కూడా చెప్పుకుందాం. కమాను దగ్గర కాదు, రికార్డు దగ్గర మొదలుపెట్టండి. సర్వే నంబరు తీసుకొని గ్రామ నక్షాలో చూడండి. చెరువు, కుంట, వాగు ఎక్కడ గీసి ఉన్నాయో అందులో తెలుస్తుంది. 1954-55 ఖాస్రా పహాణీ తీయించండి. పాత పహాణీల్లో శిఖం అన్న మాట ఉంటే అక్కడే ఆగిపోండి. కొత్త పాస్‌పుస్తకంలో ఆ మాట మాయమై ఉండవచ్చు, పాత కాగితంలో ఉంటుంది. ఇరిగేషన్ ఆఫీసులో ఆ చెరువు ఎఫ్‌టీఎల్ నక్షా అడగండి. సమాచార హక్కు కింద దరఖాస్తు పెడితే రాసి ఇస్తారు. చెరువుల నోటిఫికేషన్‌లో ప్రాథమికం, తుది అని రెండు దశలున్నాయి. ప్రాథమికం మాత్రమే అయితే హద్దు మారే అవకాశం ఉందని అర్థం.

రెరా నంబరు ఉంది కదా అని ధీమా పడొద్దు. రెరా లేకుండా కొనకూడదన్నది నిజం. 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్‌కు, ఎనిమిది ఇండ్లు దాటిన కట్టడానికి అది తప్పనిసరి. కానీ రెరా నంబరు ఉన్నంత మాత్రాన భూమి శిఖం కాదని ఎవరూ హామీ ఇచ్చినట్టు కాదు. రిజిస్ట్రేషన్ కూడా అంతే. దస్తావేజు నమోదు చేశారు గాని హక్కు ఖాయం చేయలేదు.

అన్నిటికంటే మంచి రికార్డు ఇంకోటి ఉంది. ఆ ఊరి పాత నీరడిని, ఆయన లేకపోతే ఆయన కొడుకును వెతికి పట్టుకొని అడగండి. "పెద్ద వాన పడితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయి? మత్తడి నీళ్లు ఏ దారిన పోతాయి?" ఈ రెండు ప్రశ్నలు చాలు. చెరువు లోపలే కాదు, మత్తడి వాగు దారిలో కట్టిన ఇల్లు కూడా మునుగుతుంది. వీలైతే ఒక వానకాలం ఆగి, భాద్రపదంలో పోయి చూడండి. ఆగితే రేటు పెరుగుతుందని తొందర పెట్టేవాడికి నమస్కారం పెట్టి వెనక్కి రండి.

సంఘం అడగాల్సినవి

చెరువును కాపాడటం అంటే బుల్డోజర్ ఒక్కటే కాదు. మనం అడిగేవి ఇవి.

ప్రతి చెరువుకూ ఎఫ్‌టీఎల్ తుది నోటిఫికేషన్ ఇచ్చి, హద్దు రాళ్లు పాతాలి. రాయి పాతే రోజు ఊరి జనం, ఆయకట్టు రైతులు, చేపల సొసైటీవాళ్లు అక్కడ ఉండాలి. తెగ్గొట్టిన మత్తడి ఎత్తును కాదు, పాత మత్తడి ఎత్తును లెక్కలోకి తీసుకోవాలి.

శిఖంలో అనుమతి ఇచ్చిన అధికారి, ప్లాట్లు చేసి అమ్మిన వెంచర్‌దారు మీద ముందు కేసు పెట్టాలి. మోసపోయి కొన్నవాడి డబ్బు వెంచర్‌దారు ఆస్తుల నుంచి రాబట్టి ఇవ్వాలి. ఆ తర్వాతే కూల్చివేత మాట.

శిఖం పట్టాదారుకు పరిహారం ఇవ్వాలి. చెరువు కోసం భూమి కావాలంటే 2013 భూసేకరణ చట్టం ప్రకారం తీసుకోండి. లేదంటే చెరువును చెరువుగా ఉంచినందుకు ఏటా ఎకరానికి ఇంత అని ఇవ్వండి. పట్నానికి వరద ఆపుతున్నది ఆయన భూమి. ఊరికే ఆపమంటే ఎన్నాళ్లు ఆపుతాడు?

తూము, మత్తడి ఆయకట్టు రైతుల చేతిలో ఉండాలి. నీటి వినియోగదారుల సంఘాలకు 1997 నుంచి చట్టం ఉంది. ఆ సంఘాలకు ఎన్నికలు జరపండి, అధికారం ఇవ్వండి. శుద్ధి చేయని మురుగు ఒక్క చుక్క కూడా చెరువులోకి రాకూడదు.

సర్కారును అడుగుతూనే మన పని మనం చేద్దాం. ఈ మృగశిర లోపల ప్రతి గ్రామ కమిటీ తమ చెరువు కట్ట మీద ఒక రోజు నడవాలి. మత్తడి నుంచి మొదలుపెట్టి, పెద్దమనుషులు చూపించిన చోట సున్నంతో హద్దు గీయాలి, ఫోటోలు తీసి తేదీ రాసి పెట్టాలి. పాటు కాలువ ఎక్కడ మూసుకుపోయిందో రాసుకోవాలి. ఆ కాగితం మీద ఊరి జనం సంతకాలు తీసుకొని తహసీల్దారుకు, ఇరిగేషన్ డీఈకి ఇచ్చి రసీదు తెచ్చుకోవాలి. శివారులో ఉన్న ఊర్లే కాదు, దూరపు జిల్లాలు కూడా చేయాలి. జిల్లా కేంద్రాల చుట్టూ వెంచర్లు ఇప్పటికే మొదలయ్యాయి. పట్నంలో పదేండ్ల కింద జరిగింది రేపు మన ఊర్లో జరుగుతుంది.

ఇక మా బామ్మర్ది సంగతి. ఆ రోజు కారెక్కినాక చాలాసేపు మాట్లాడలేదు. చౌటుప్పల్ దాటినాక అడిగాడు: "బావా, నేను అమ్ముతున్న తరి కూడా వెంచర్ చేసేటోడే కొంటుండు. మా చెరువు సంగతి ఏమైతది?" నేను జవాబు చెప్పలేదు. జవాబు ఆయనకు తెలుసు.

బయానా ఇవ్వలేదు. పొలం అమ్మకం మాత్రం ఇంకా తేలలేదు. కొడుకు ఒత్తిడి ఉంది, అప్పు ఉంది, వరికి మిగిలేది ఏమీ లేదు. గిట్టుబాటు ధర ఇవ్వకుండా చెరువు కింద రైతును నిలబెట్టలేమని నాకూ తెలుసు. అందుకే చెరువు కొట్లాట, ధర కొట్లాట వేరు వేరు కావు. వరి గిట్టితే ఆయకట్టు నిలుస్తుంది, ఆయకట్టు నిలిస్తే తూము తెరిచి ఉంటుంది, తూము తెరిచి ఉన్న చెరువులో ఎవడూ విల్లా కట్టలేడు.